ఇంటి సరుకులతో పీసీబీ ఎచింగ్ చేసుకునే విధానం

పండుగ ముందురోజు రాగి చెంబును చింతపండు, ఉప్పు కలిపి తోమితే నల్లని పొర పోయి లోపలి ఎర్రని రాగి మెరవడం మన ఇళ్లలో చిన్నప్పటి నుంచి అందరూ చూసిందే. చింతపండులోని ఆమ్లం రాగి మీద పేరుకున్న ఆక్సైడును కరిగిస్తుంది తప్ప అసలు లోహాన్ని ముట్టుకోదు. అందుకే అమ్మమ్మల నాటి చెంబు ఇంకా చెంబుగానే ఉంది. అదే ఆమ్లానికి, ఉప్పుకు తోడు రాగిని ఎప్పటికప్పుడు ఆక్సీకరిస్తూ పోయే పదార్థం ఒకటి కలిపితే మాత్రం లోహమే కరగడం మొదలవుతుంది. ఎలక్ట్రానిక్ విడిభాగాలను తీగలకు బదులు రాగి గీతలతో కలిపే పలకే ప్రింటెడ్ సర్క్యూట్ బోర్డు, అంటే పీసీబీ. దాని మీద గీతలకు అక్కరలేని రాగిని కరిగించి తీసేయడమే ఎచింగ్. ఇంట్లో ఈ బోర్డు చేసుకోవడం వెనుక ఉన్న రసాయనమంతా పైన చెప్పిన ఈ రెండు మాటల్లోనే ఉంది. చింతపండు స్థానంలో కిరాణా దుకాణంలో దొరికే నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్), ఆక్సీకరించడానికి మందుల షాపులో గాయాలు కడగడానికి అమ్మే హైడ్రోజన్ పెరాక్సైడ్, వీటికి తోడు వంటింటి ఉప్పు ఉంటే సరిపోతుంది.

హనుమకొండలో మా ఇంటి మేడ మీది నీళ్ల ట్యాంకు నిండగానే మోగే అలారం కోసం నేను చేసిన బోర్డును ఉదాహరణగా తీసుకుని ఈ పద్ధతిని వివరిస్తాను. మూడు బీసీ547 ట్రాన్సిస్టర్లు, కొన్ని రెసిస్టర్లు, మూడు ఎల్‌ఈడీలు, ఒక బజర్, 9 వోల్టుల బ్యాటరీ. బోర్డు కొలత 5 సెంటీమీటర్లు ఇంటూ 7 సెంటీమీటర్లు, రాగి ఒకవైపు మాత్రమే. మొదటిసారి చేసేవారు ఇంతకంటే పెద్దది ఎత్తుకోకపోవడం మంచిది. 230 వోల్టుల కరెంటు నేరుగా పారే సర్క్యూట్లను, ముఖ్యంగా బావుల దగ్గరి మూడు ఫేజుల మోటారు స్టార్టర్లకు పెట్టే బోర్డులను ఈ పద్ధతిలో చేయవద్దు. వాటిలో తీగల మధ్య ఉండవలసిన ఎడం, తేమ తట్టుకునే పూత ఇంట్లో సాధించడం కష్టం. అక్కడ తప్పు జరిగితే పోయేది బోర్డు ఒక్కటే కాదు.

కొనవలసినవి

రాగి పూత బోర్డు రెండు రకాలుగా దొరుకుతుంది. గోధుమ రంగులో ఉండేది కాగితం, ఫినాలిక్ రెజిన్ కలిపి చేసినది. లేత ఆకుపచ్చగా, వెలుతురుకు పెడితే అవతలి నీడ కనిపించేట్టుగా ఉండేది గాజునూలు, ఎపాక్సీతో చేసినది. మొదటిది చవక, రంధ్రాలు వేయడం సులభం, కానీ సోల్డరింగ్ ఐరన్ (విడిభాగాలను సీసం కరిగించి అతికించే వేడి పనిముట్టు) ఎక్కువసేపు ఆనిస్తే దాని మీది రాగి లేచి వస్తుంది. రెండవది గట్టిది, అయితే డ్రిల్ బిట్లను త్వరగా అరగదీస్తుంది. నేర్చుకునే దశలో నాకు గాజు ఎపాక్సీ బోర్డే నచ్చుతుంది, ఎందుకంటే ఎచింగ్ అయ్యాక దీపానికి ఎదురుగా పట్టుకుంటే తెగిన గీత, కలిసిపోయిన గీత రెండూ కంటికి కనిపిస్తాయి. మామూలుగా అమ్మే బోర్డు మీద రాగి మందం 35 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). వరంగల్, హనుమకొండ చౌరస్తాల పరిసరాల్లో రేడియో, టీవీ విడిభాగాలు అమ్మే దుకాణాల్లో అడిగి చూడవచ్చు. అక్కడ లేకపోతే హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీలో తప్పక దొరుకుతుంది.

హైడ్రోజన్ పెరాక్సైడ్ మన మందుల షాపుల్లో సాధారణంగా 6 శాతం ద్రావణంగా వస్తుంది. సీసా మీద 20 వాల్యూమ్స్ అని కూడా రాసి ఉంటుంది. మనకు కావలసింది 3 శాతం కాబట్టి దానికి సమానంగా నీళ్లు కలుపుకోవాలి. పరిశ్రమల కోసం అమ్మే 30 శాతం, 50 శాతం పెరాక్సైడ్‌ను ఇంటికి తేవద్దు. అది చర్మాన్ని కాలుస్తుంది, కాగితానికి, గుడ్డకు తగిలితే నిప్పు పుట్టించగలదు. 6 శాతం ద్రావణం కూడా వేలికి తగిలితే చర్మం తెల్లబడి కొద్దిసేపు చురుక్కుమంటుంది. ఈ మందు ఎండకు, వేడికి తనంతట తానే విరిగి నీరుగా మారిపోతుంది. మే నెలలో రేకుల షెడ్డులో పెట్టి మరిచిపోయిన సీసాలో మిగిలేది దాదాపు మంచినీళ్లే కనుక అవసరమైనప్పుడే 100 మిల్లీలీటర్ల చిన్న సీసా కొనుక్కోవాలి.

నిమ్మ ఉప్పును దుకాణాల్లో పొట్లం కట్టి ఇస్తారు, చూడడానికి చక్కెరలా, ఉప్పులా ఉంటుంది. పొట్లం మీద పేరు రాసి, ఈ పనికి వాడే గిన్నెలతో పాటు వంటింటికి దూరంగా పెట్టాలి. వీటికి తోడు ఒక వెడల్పాటి ప్లాస్టిక్ డబ్బా, ప్లాస్టిక్ చెంచా, రబ్బరు తొడుగులు, కళ్లద్దాలు, బోళ్లు తోమే పీచు, ఇస్త్రీ పెట్టె ఉంటే సరుకులు పూర్తయినట్టే. స్టీలు గిన్నెలు పనికిరావు. నేను మొదటిసారి తొందరలో టిఫిన్ డబ్బా మూతలో ద్రావణం పోశాను. అరగంటలో మూత మీద సూదితో పొడిచినట్టు నల్లని గుంటలు పడ్డాయి, ఆ మూత ఇప్పటికీ మా ఇంట్లో నా మీద సాక్ష్యంగా ఉంది.

గీతల బొమ్మ, కాగితం

కిక్యాడ్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో బోర్డు గీసుకునేటప్పుడు ఫ్యాక్టరీ బోర్డుల కొలతలను అనుకరించవద్దు. గీత వెడల్పు 1 మిల్లీమీటరు, రెండు గీతల మధ్య ఎడం కనీసం అర మిల్లీమీటరు, సోల్డర్ చేసే ప్యాడు వ్యాసం 2 మిల్లీమీటర్లు ఉండేట్టు పెట్టుకుంటే ఇంటి పద్ధతిలో నిలుస్తాయి. 35 మైక్రాన్ల రాగిలో 1 మిల్లీమీటరు వెడల్పు గీత 1 ఆంపియర్‌ను సునాయాసంగా మోస్తుంది. మన అలారానికి అందులో పదో వంతు కూడా అవసరం లేదు.

ఇక్కడ చాలామంది పట్టించుకోని విషయం ఒకటి ఉంది. గీతల మధ్య ఖాళీగా మిగిలే చోటునంతా గ్రౌండుకు, అంటే బ్యాటరీ నెగటివ్ వైపు గీతకు, కలిపి రాగితోనే నింపేయమని సాఫ్ట్‌వేర్‌కు చెప్పవచ్చు. అలా నింపితే కరిగించవలసిన రాగి తగ్గుతుంది, ద్రావణం తక్కువ పడుతుంది, పని త్వరగా అవుతుంది, చివరకు మన చేతిలో మిగిలే విషపు నీటిలో రాగి కూడా తగ్గుతుంది. మన బోర్డు మీద ఉన్న మొత్తం రాగి లెక్క వేస్తే దాదాపు 1.1 గ్రాములు. మామూలుగా గీస్తే అందులో ముప్పాతిక వంతు కరిగించవలసి వస్తుంది. నింపి గీస్తే పావు వంతుతో సరిపోతుంది. సోల్డరింగ్ చేసేటప్పుడు పక్కనే ఉన్న గ్రౌండు రాగికి సీసం అంటుకోకుండా ఎడం కొంచెం ఎక్కువగా, 0.8 మిల్లీమీటర్లు పెట్టుకుంటే మేలు.

బొమ్మను లేజర్ ప్రింటరులోనే తీయాలి. లేజర్ ప్రింటరు టోనరు నిజానికి సన్నని ప్లాస్టిక్ పొడి. వేడికి కరిగి రాగికి అతుక్కుంటుంది, చల్లారాక ద్రావణాన్ని రాగి దాకా పోనివ్వదు. ఇంక్‌జెట్ సిరాకు ఈ గుణం లేదు. ఇంట్లో లేజర్ ప్రింటరు లేనివారికి జిరాక్స్ సెంటరే గతి, అక్కడ నున్నని కాగితం ఇచ్చి ప్రింటు తీయమని అడగడం ఒక చిన్న పరీక్ష. నేను పత్రిక అట్ట చించి తీసుకెళ్తే, ‘తమ్మీ, గీ కాయితం మిషన్ల ఇరుకుతె నా దుకాణం బందే’ అన్నాడు సెంటరు అతను, ఆ భయంలో తప్పు లేదు. మరీ పలుచని పత్రిక పుట కాక, 130 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు గ్రాముల బరువు) దాకా ఉండే నున్నని ఆర్టు పేపరును ఏ4 కొలతకు సరిగ్గా కత్తిరించి తీసుకెళ్తే ఎవరూ కాదనరు. ఇంక్‌జెట్ ప్రింటర్ల కోసం అమ్మే ఫొటో పేపరును మాత్రం ఇవ్వవద్దు; దాని మీది పూత లేజర్ యంత్రం వేడికి కరిగి రోలరుకు అంటుకుంటుంది, అప్పుడు నిజంగానే దుకాణం బందవుతుంది.

ఫైలును పీడీఎఫ్‌గానే పంపాలి, వంద శాతం కొలతలోనే ప్రింటు తీయమని ఒకటికి రెండుసార్లు చెప్పాలి. ఒకసారి నేను బొమ్మను వాట్సాప్‌లో ఫొటోగా పంపితే, అది పేజీకి సరిపడేట్టు సర్దుకుని కాస్త కుదించుకుపోయింది. కంటికి తేడా తెలియలేదు. ఎచింగ్, డ్రిల్లింగ్ అన్నీ అయిపోయాక ఎనిమిది కాళ్ల ఐసీ రంధ్రాల్లో దిగలేదు. ఇలా రంధ్రాల్లో దిగే మామూలు ఐసీల కాళ్ల మధ్య దూరం 2.54 మిల్లీమీటర్లే కాబట్టి, జేబులో ఒక ఐసీ వేసుకుని వెళ్లి ప్రింటు మీద అక్కడే ఆనించి చూసుకోవడం ఇప్పుడు నాకు అలవాటు.

బొమ్మను తిప్పాలా వద్దా అన్నది అందరినీ తికమక పెట్టే ప్రశ్న. విడిభాగాలు పైన, రాగి కింద ఉండే మన బోర్డులో, సాఫ్ట్‌వేర్ కింది పొరను పైనుంచి చూసినట్టుగా చూపిస్తుంది. దాన్ని ఉన్నదున్నట్టు ప్రింటు తీసి రాగి మీద బోర్లించినప్పుడు బొమ్మ దానంతట అదే తిరగబడి సరైన దిశకు వస్తుంది. కాబట్టి ‘మిర్రర్’ ఎంపిక పెట్టకూడదు. అనుమానం ఉంటే రాగి పొర మీద ఒక అక్షరం చేర్చుకోండి. కాగితం మీద ఆ అక్షరం అద్దంలో చూసినట్టు తిరగబడి కనిపిస్తేనే బోర్డు మీద సరిగ్గా పడుతుంది.

ప్రింటరు జోలికే పోదలచుకోనివారు పర్మనెంట్ మార్కరుతో రాగి మీద నేరుగా గీసుకోవచ్చు. ఒక పూత ఆరాక దాని మీదే రెండవ పూత వేయాలి. ప్యాడ్ల మీద గోళ్ల రంగు చుక్క పెడితే ఇంకా గట్టిగా నిలుస్తుంది. రెండు మూడు ట్రాన్సిస్టర్ల సర్క్యూటుకు ఇది చాలు.

తోమడం, ఇస్త్రీ

చెడిపోయిన బోర్డుల్లో ఎక్కువ భాగం ద్రావణంలో చెడిపోవు, అంతకుముందే చెడిపోయి ద్రావణంలో బయటపడతాయి. రాగి మీద వేలిముద్ర పడితే ఆ చర్మపు జిడ్డు మీద టోనరు అతకదు. మిరపకాయ బజ్జీ తిన్న చేతిని ప్యాంటుకు తుడుచుకుని పట్టుకున్న బోర్డు ఒకటి నా దగ్గర ఉంది. దాని మూలలో గీతలు లేని చోటు అచ్చం బొటనవేలి ఆకారంలో ఉంటుంది, రేఖలు కూడా లెక్కపెట్టవచ్చు.

బోర్డును ముందుగా బోళ్లు తోమే పీచుతో, సబ్బు పొడితో గుండ్రంగా రుద్దాలి. రాగి గులాబీ రంగులోకి మారి సన్నని గీరలు పడేదాకా రుద్దడం అవసరం, ఎందుకంటే టోనరు పట్టుకునేది ఆ గీరలనే. కడిగిన బోర్డును నిలబెట్టినప్పుడు నీరు ఒకే పొరగా పరుచుకుని ఉంటే శుభ్రమైనట్టు. ఎక్కడైనా చుక్కలుగా విడిపోతే అక్కడ జిడ్డు ఉన్నట్టు, మళ్లీ తోమాలి. ఆ తరువాత అంచులను మాత్రమే పట్టుకోవాలి. కత్తిరించినప్పుడు అంచుల మీద లేచిన రాగి రేకను ఆకురాయితో సమం చేయకపోతే ఇస్త్రీ పెట్టె అంచు మీద నిలబడి మధ్యలో వేడి తగలదు.

గట్టి చెక్క పీట మీద రెండు పొరల న్యూస్‌పేపరు పరిచి, దాని మీద రాగి పైకి ఉండేట్టు బోర్డు పెట్టి, ప్రింటును బోర్లించి, కాగితం అంచులను వెనక్కు మడిచి కదలకుండా టేపు వేయాలి. ఇస్త్రీ పెట్టెను కాటన్ గుర్తు దగ్గర పెట్టి, ఆవిరి ఉంటే ఆపేసి, మొదటి అర నిమిషం కదపకుండా బరువుగా అదిమి ఉంచాలి. అప్పటికి కాగితం అతుక్కుంటుంది. తరువాత మూడు నాలుగు నిమిషాలపాటు పెట్టె కొనతో అంచులను, మూలలను ఒక్కొక్కటిగా రుద్దాలి. బట్టలు ఇస్త్రీ చేసినట్టు అటూ ఇటూ జార్చితే కరిగిన టోనరు పక్కకు పాకి గీతలు లావవుతాయి. సరిగ్గా అతికినప్పుడు కాగితం వెనుక నుంచి గీతల ఆకారం లేత బూడిద రంగులో పైకి తేలి కనిపిస్తుంది.

వేడిగా ఉన్నప్పుడు కాగితాన్ని పీకవద్దు. బోర్డు చల్లారాక సబ్బు చుక్క వేసిన నీళ్లలో పావుగంట నానబెట్టి, కాగితం మెత్తబడ్డాక బొటనవేలితో పొరలు పొరలుగా రుద్ది తీయాలి. టోనరు మీద తెల్లని పీచు కొంత మిగిలినా నష్టం లేదు, కానీ గీతల మధ్య, ప్యాడు నడిమి చుక్కలో మిగిలితే అక్కడి రాగి కరగదు. పాత పళ్ల బ్రష్షుతో ఆ చోట్లను శుభ్రం చేయాలి. తెగిన గీతలను మార్కరుతో కలపవచ్చు. నాలుగైదు చోట్ల కంటే ఎక్కువ తెగితే అతుకులు వేస్తూ కూర్చోకుండా, థిన్నరుతో టోనరంతా తుడిచేసి మొదటి నుంచి చేయడమే తక్కువ శ్రమ.

ద్రావణం

ఈ పనిని గాలి ఆడే చోట, బాల్కనీలోనో మేడ మీదనో, పిల్లలు లేని సమయంలో చేయాలి. ప్లాస్టిక్ డబ్బాలో 50 మిల్లీలీటర్ల 6 శాతం పెరాక్సైడ్, 50 మిల్లీలీటర్ల నీళ్లు పోసి, అందులో 30 గ్రాముల నిమ్మ ఉప్పు కరిగేదాకా ప్లాస్టిక్ చెంచాతో కలపాలి. బోర్డును రాగి పైకి ఉండేట్టు దించి, చివరగా ఒక చెంచా, అంటే సుమారు 5 గ్రాముల ఉప్పు వేయాలి. ఉప్పు వేయనంత సేపు దాదాపు ఏమీ జరగదు. వేసిన కొద్ది నిమిషాల్లో మెరిసే రాగి మసకబారి, దాని మీద సన్నని బుడగలు లేచి, నీరు లేత నీలంగా, తరువాత ఆకుపచ్చ కలిసిన నీలంగా మారుతుంది. పెరాక్సైడ్ రాగిని ఆక్సీకరిస్తే, నిమ్మ ఉప్పులోని ఆమ్లం దాన్ని నీటిలోకి లాగుతుంది, ఉప్పులోని క్లోరైడు రాగి మీద పొర గట్టిపడి పని ఆగిపోకుండా చూస్తుంది.

నిమిషానికోసారి డబ్బాను ఒక పక్కకు ఎత్తి దించుతూ ద్రావణాన్ని కదిలిస్తే రాగి సమంగా కరుగుతుంది. బయటి అంచులు ముందు పోతాయి, నడిమి ఇరుకు చోట్లు చివరకు మిగులుతాయి. వేసవిలో మేడ మీది ట్యాంకు నీళ్లే గోరువెచ్చగా వస్తాయి కాబట్టి ఇరవై నిమిషాల్లో పని ముగుస్తుంది. డిసెంబరు ఉదయం అదే పని ముప్పావు గంట పట్టవచ్చు. అప్పుడు ఆ డబ్బాను వేడినీళ్లున్న టబ్బులో తేలించవచ్చు కానీ పొయ్యి మీద ఎప్పుడూ పెట్టకూడదు. ద్రావణం తనంతట తానే కొంత వేడెక్కుతుంది. మరీ వేడెక్కితే పెరాక్సైడ్ రాగిని వదిలేసి వృథాగా విరిగిపోతుంది, టోనరు కూడా మెత్తబడుతుంది. బుడగలు తగ్గి పని నెమ్మదిస్తే ఇంకో 20 మిల్లీలీటర్ల పెరాక్సైడ్ చేర్చాలి. రాగి మీద తెల్లని పొర తేలితే చిటికెడు ఉప్పు చాలు. ఒక చోట మాత్రం రాగి ఎంతకీ మసకబారకుండా మెరుస్తూనే ఉంటే అక్కడ జిగురో జిడ్డో మిగిలి ఉన్నట్టు. బయటకు తీసి కడిగి, పుల్లకు చుట్టిన దూదితో ఆ చోటు తుడిచి మళ్లీ దించాలి.

అనవసరమైన రాగి పోయిన క్షణమే బోర్డును తీసి కడగడం ముఖ్యం. మరో పది నిమిషాలు ఉంచితే ఇంకా బాగుంటుందన్న ఆశ పనికిరాదు. ద్రావణం అప్పుడు టోనరు కింద పక్కల నుంచి రాగిని తినడం మొదలుపెడుతుంది, సన్నని గీతలు లోపలే తెగిపోతాయి.

రెండు హెచ్చరికలు ఇక్కడే చెప్పాలి. నిమ్మ ఉప్పు నెమ్మదిగా పని చేస్తోందని మరుగుదొడ్డి కడిగే యాసిడ్‌ను ఇందులో కలపవద్దు, అది పెరాక్సైడ్‌తో కలిసి క్లోరిన్ వాయువును వదలగలదు. బ్లీచింగ్ పొడిని అసలు దగ్గరకే రానివ్వవద్దు. వాడిన ద్రావణం నుంచి గంటల తరబడి ఆక్సిజన్ వస్తూనే ఉంటుంది కాబట్టి, దాన్ని సీసాలో పోసి మూత బిగిస్తే సీసా పగులుతుంది.

దుకాణాల్లో దొరికే ఫెర్రిక్ క్లోరైడ్ మాటేమిటని అడగవచ్చు. అది నమ్మకమైన మందే. ఒకసారి కలిపిన ద్రావణం చాలా బోర్డులకు వస్తుంది, కాలేజీ ల్యాబుల్లో వరుసగా ముప్పై బోర్డులు చేసేచోట నేనూ దాన్నే ఎంచుకుంటాను. అయితే దాని గడ్డలను నీళ్లలో కొద్దికొద్దిగా వేయాలే తప్ప గడ్డల మీద నీళ్లు పోయకూడదు, ఎందుకంటే కరిగేటప్పుడు చాలా వేడి పుడుతుంది. దాని పసుపు మరక బట్ట మీద, టైల్స్ మీద పడితే పోదు, స్టీలు సింకును తినేస్తుంది. ఏడాదికి రెండు మూడు బోర్డులు చేసుకునే ఇంటికి నిమ్మ ఉప్పే తగినది.

రంధ్రాలు, సీసం పూత

కడిగిన బోర్డు మీది టోనరును థిన్నరు లేదా అసిటోన్‌తో తుడవాలి. రెండూ మండే గుణం కలవి కనుక దగ్గరలో పొయ్యి వెలగకూడదు. ఇప్పుడు అమ్మే గోళ్ల రంగు రిమూవర్లలో చాలావాటిలో అసిటోన్ ఉండదు, వాటితో ఎంత రుద్దినా టోనరు కదలదు. తుడిచాక బోర్డును దీపానికి ఎదురుగా పట్టుకుని ప్రతి గీతను చూసి, మల్టీమీటరును కరెంటు దారి కలిసి ఉంటే బీప్ అనే స్థానంలో పెట్టి ఒక్కో గీత రెండు కొనలనూ, పక్కపక్క గీతలనూ సరిచూడాలి.

రెసిస్టర్లకు, ట్రాన్సిస్టర్లకు, ఐసీలకు 0.8 మిల్లీమీటర్ల రంధ్రం, 1ఎన్4007 వంటి డయోడ్లకు, కనెక్టర్ల పిన్నులకు 1 మిల్లీమీటరు రంధ్రం సరిపోతుంది. ప్యాడు నడిమి చుక్కలో రాగి కరిగిపోయి ఉంటుంది కాబట్టి బిట్టు కొన అందులో కూర్చుని జారదు. బోర్డు కింద చెక్క ముక్క పెట్టి, డ్రిల్లును నిటారుగా పట్టాలి. కార్బైడ్ బిట్టు ఏ కొంచెం వంగినా విరుగుతుంది. గాజునూలు దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు, ముక్కుకు మాస్కు కట్టుకుని పని ముగిశాక తడిగుడ్డతో తుడవాలి, చీపురుతో ఊడ్చవద్దు.

వట్టి రాగి వానాకాలంలో కొన్ని వారాల్లోనే నల్లబడుతుంది. సోల్డరు రాగికి బాగా అంటుకునేట్టు చేసే రోజిన్ ఫ్లక్స్ పూసి, ఐరన్ కొనతో సోల్డరును గీతల మీద పలుచగా పాకిస్తే ఆ బెడద ఉండదు.

మిగిలిన నీరు

బోర్డు చేతికి వచ్చాక అందరూ మరిచిపోయే డబ్బా ఒకటి బాల్కనీలో మిగులుతుంది. ఆ నీలి ఆకుపచ్చ రంగు మిరప, బత్తాయి రైతులకు తెలిసిన మైలుతుత్తం రంగుకు దగ్గరగా ఉండడం యాదృచ్ఛికం కాదు. అదీ రాగి లవణమే, తెగులును, నాచును చంపే గుణం కలదే. చేపలకు లీటరుకు ఒక మిల్లీగ్రాము కంటే తక్కువ రాగి కూడా హాని చేస్తుంది. తాగునీటిలో రాగికి భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 పెట్టిన ఆమోదయోగ్యమైన హద్దు లీటరుకు 0.05 మిల్లీగ్రాములు. ఆ లెక్కన మన ఒక్క చిన్న బోర్డు నుంచి అర గ్రాము రాగి కరిగిందనుకుంటే, అది 10,000 లీటర్ల నీటిని, అంటే 5,000 లీటర్ల ట్యాంకర్లు రెండింటిని ఆ హద్దు దాకా తెస్తుంది. మన వీధుల మురికి కాలువలు చివరకు ఏదో ఒక చెరువు వైపే పోతాయి, కాబట్టి ఈ నీటిని సింకులో గానీ మోరీలో గానీ పోయకూడదు.

ముందు డబ్బాను మూత లేకుండా ఒక రోజు వదిలేస్తే మిగిలిన పెరాక్సైడ్ విరిగిపోతుంది. పై నుంచి ప్లాస్టిక్ జాలీ కప్పి బరువు పెట్టండి. హనుమకొండ కోతులకు మేడ మీద కనిపించే ప్రతి డబ్బా తమదే. మరుసటి రోజు స్టీలు పీచు కాక మామూలు ఇనుప పీచును అందులో వేయాలి. ఇనుము కరుగుతూ తన చోటును రాగికి ఇస్తుంది, పీచు మీద ఎర్రని మడ్డిలా రాగి పేరుకుంటుంది, నీటి రంగు నీలం వదిలి పసుపు కలిసిన ఆకుపచ్చకు, ఆపైన గోధుమ రంగుకు మారుతుంది. నేరుగా బట్టల సోడా వేస్తే చాలని చాలామంది అనుకుంటారు కానీ, నిమ్మ ఉప్పు రాగిని గట్టిగా పట్టుకుని ఉంటుంది కనుక సోడా ఒక్కటే దాన్నంతటినీ కిందకు దించలేదు. ఇనుము తరువాతే సోడా. సోడాను చెంచా చెంచాగా వేస్తూ, నురుగు రావడం ఆగేదాకా కలపాలి.

సోడా వేసే ముందు చేయవలసిన పరీక్ష ఒకటి ఉంది. గరుకు కాగితంతో మెరిసేట్టు రుద్దిన ఇనుప మేకును ఆ నీటిలో సగం దాకా పది నిమిషాలు ముంచి తీయాలి. మునిగిన సగం మీద ఎర్రని రాగి ఛాయ పడితే నీటిలో రాగి ఇంకా ఉన్నట్టు, మరికొంత ఇనుప పీచు వేసి మరో పూట ఆగాలి. మేకు రెండు సగాలూ ఒకేలా కనిపించాకే సోడా వేసి, వెడల్పాటి ప్లాస్టిక్ తొట్టిలో పోసి, అదే జాలీ కింద ఎండలో ఉంచాలి. ఏప్రిల్, మే నెలల్లో అయితే రెండు రోజుల్లో అడుగున బురద మాత్రమే మిగులుతుంది. దాన్ని, ఎర్రబడిన పీచును కలిపి పాత ప్లాస్టిక్ సీసాలో వేసి, ‘రాగి విషం, తెరవవద్దు’ అని మార్కరుతో రాసి పక్కన పెడితే, రెండు మూడేళ్ల బోర్డుల చెత్త అంతా ఒకే సీసాలో పడుతుంది. ఘన వ్యర్థాల నియమాల ప్రకారం ఇటువంటి దాన్ని తడి చెత్తలో, పొడి చెత్తలో కలపకుండా విడిగా ఇవ్వాలి. చెత్త బండి వచ్చినప్పుడు సీసాను సంచిలో పడేయక, అందులో ఏముందో చెప్పి చేతికి అందించండి.